ఆ దీవి ఎరిగిన గొంతు

మా మేడమ్ పోయారు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఆఫీసు బస్సు ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఆమె భర్త ఫోన్ చేశారు. "పాపా, మీ మేడమ్ లేదమ్మా" అన్నారు. ఎక్కడికి వెళ్లారని అడిగాను. అంత తెలివి నాది. పాపం, ఆయన ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పొద్దున్నే లేచి గుండెలో ఏదోలా ఉందన్నారట, ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయిందట. నా పక్క సీట్లో అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని కిటికీలోంచి క్రేన్లు చూస్తోంది. ఆ పిల్ల ఏం చేసింది పాపం, నాకు మాత్రం ఆమె మీద ఒళ్లు మండిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మాది మెదక్ వైపు, మేడమ్‌ది అనంతపురం పక్కన ఒక పల్లె. ఆఫీసులో చేరిన కొత్తలో నేను ఎవరితోనో ఒకరితో గొడవ పడని వారం ఉండేది కాదు. "నీ కోపం తిరగమాతలో ఆవాల మాదిరి పాపా. చిటపటలాడి ఊరుకుంటాది, కూర మాత్రం బాగుంటాది" అనేవారు మేడమ్. నా గురించి అంత మంచిగా చెప్పినవాళ్లు మా ఇంట్లో కూడా లేరు.

మేం చేసే పనేమిటో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాదు. కాబట్టి మీకు కాస్త చెప్పాలి. వెబ్‌సైటు పేర్ల చివర చుక్క, ఆ చుక్క తర్వాత దేశాన్ని చెప్పే రెండక్షరాలు మీరు చూసే ఉంటారు. ఆ రెండక్షరాల కింద ఉన్న పేర్లన్నిటినీ చూసుకునేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు. ఫలానా పేరు కావాలని అడిగితే ఫలానా చోటికి వెళ్లమని దారి చెప్పే యంత్రాలు వాళ్ల చేతిలో ఉంటాయి. అవన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయనుకోండి, ఆ ఊరికి కేబుల్ తెగిన రోజు ఆ దేశం పేర్లు లోకంలో ఎవరికీ దొరకవు. అందుకని ఒక దేశంవాళ్లు తమ పేర్ల నకలు ఇంకో దేశంలో ఉంచుతారు. వీళ్లది వాళ్ల దగ్గర, వాళ్లది వీళ్ల దగ్గర. అపార్ట్‌మెంట్లో మారు తాళంచెవి ఎదురింటివాళ్లకు ఇచ్చి పెట్టుకుంటాం కదా, అలాగన్నమాట. ఒప్పందాలూ సంతకాలూ తర్వాత వచ్చాయి. మొదట్లో ఇదంతా మాట మీద నడిచిందే.

గచ్చిబౌలిలో మా పాత బిల్డింగులో అలాంటి కొన్ని చిన్న దేశాల నకళ్లు ఉండేవి. వాటికి పూచీ మేడమ్. ఆ దేశాలు ఎక్కడున్నాయో పటంలో చూపించమంటే నేను వెతుక్కోవాలి. ఆమె మాత్రం చేతిలో లంచ్ డబ్బా పట్టుకుని నడుస్తూనే, "ఇప్పుడు చెయ్యాకు, వాళ్లు పండుకోనుంటారు", "ఇప్పుడు చెయ్యి, టీ తాగుతాంటాడు" అని చెప్పేవారు. ఫోన్లో ఎంత గట్టిగా మాట్లాడేవారంటే, దేశం దూరమయ్యే కొద్దీ గొంతు పెరిగేది. సముద్రం నడిమధ్య ఉన్న ఒక దీవికి ఫోన్ చేసిన రోజు మా అంతస్తంతా పని ఆపి వినాల్సిందే.

ఆ దీవి గురించే చెప్పాలి. మన కోకాపేటలో ఒక్క టవర్లో ఉండే జనం కూడా ఉండరేమో ఆ దేశంలో అని నవ్వుకునేవాళ్లం. ఆ దేశం పేర్లు చూసుకునేది ఒక పెద్దాయన. ఏడాదికోసారి అన్ని దేశాల పేర్లవాళ్లు ఏదో ఒక ఊళ్లో కలుస్తారు. ప్రభుత్వాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోని దేశాలవాళ్లు కూడా అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుని, నీ యంత్రం ఎట్లుంది, నా యంత్రం ఎట్లుంది అని మాట్లాడుకుంటారు. మేడమ్ ప్రతిసారీ బుడ్డల పొడి పొట్లాలు కట్టుకుని వెళ్లేవారు. వేరుశనగ గింజల్ని ఆమె చివరిదాకా బుడ్డలనే అన్నారు. ఒక ఏడాది ఆ సమావేశం మన ఊళ్లోనే జరిగింది. నేనింకా చేరలేదప్పటికి. మేడమ్ ఆ దీవి పెద్దాయనను తెల్లాపూర్‌లో తమ ఇంటికి తీసుకెళ్లి రాగిసంగటి పెట్టారు.

"నమలాకప్పా, మింగాల అని చెప్తే వినల్యా పాపా. నమిలినాడు. పండ్లకంతా అంటుకోని నోరు తెరవల్యాకపోయినాడు. మీ సారు నీళ్లు తాపినాడు. ఆ తర్వాత నేను చెప్పినట్ల మింగినాడు చూడు, మూడు ముద్దలు లాగించినాడు." మీ సారు అంటే ఆమె భర్త. ఈ కథ ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు, చెప్పిన ప్రతిసారీ నవ్వు ఆపుకోలేకపోయేవారు.

ఆ నవ్వు వెనక ఒక పద్ధతి ఉంది. ఏ దేశం నుంచైనా సరే, చిరునామా మార్చమనో, మనిషి మారాడనో కబురొస్తే మేడమ్ మెయిలును నమ్మేవారు కాదు. తానే ఫోన్ చేసి అవతలి మనిషి గొంతు వినేవారు. విన్నాక ఒక ప్రశ్న అడిగేవారు, అదెప్పుడూ తిండి గురించే. ఒకాయన పెరుగన్నంలో చక్కెర వేసుకున్న సంగతి, ఒకావిడ మిరపకాయ బజ్జీ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్న సంగతి. ఆ సంగతి చెప్పినవాళ్ల మాటే చెల్లేది. మాకు విసుగ్గా ఉండేది. "నమ్మి చెడినోళ్లు లేరంటారు పాపా. ఉండారు, చానామంది ఉండారు. అందుకే ఒక ఫోను చేస్తే పోలా? రాత ఎవడైనా రాస్తాడు. గొంతు యాడనుంచి తెచ్చుకుంటాడు?" అనేవారు.

నేను చేరిన కొత్తలోనే ఆ పద్ధతి విలువ తెలిసొచ్చింది. దీవి పెద్దాయన పేరు మీద ఒక మెయిలొచ్చింది. తమ దేశం పేర్ల నకలును ఇక నుంచి ఫలానా కొత్త చోటు నుంచి తెచ్చుకోమని, పాతది పాడైందని, త్వరగా చేయమని ఉంది. రాసిన తీరు ఆయనదే, కింద సంతకం ఆయనదే. అప్పటి మా పెద్ద సారు తొందరపడ్డారు. మేడమ్ ఫోన్ చేస్తే దీవిలో పెద్దాయన భార్య ఎత్తి, ఆయన చేపలకు పడవేసుకుని వెళ్లాడని చెప్పింది. మేడమ్ ఆగారు. మర్నాడూ ఆగారు. "ఆలస్యం అమృతం విషం అండీ, అక్కడ దేశం ఆగిపోతుందేమో" అని పెద్ద సారు కేకలేశారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల సార్" అని ఆమె డబ్బా మూత తెరిచి అన్నం కలుపుకున్నారు. పెద్దాయన సముద్రం నుంచి తిరిగొచ్చి ఫోన్ ఎత్తాడు. ముద్ద ప్రశ్నకు జవాబు చెప్పి, నవ్వి, తర్వాత నవ్వు ఆపాడు. ఆయన ఏ మెయిలూ రాయలేదు.

మేం గనక ఆ మార్పు చేసి ఉంటే, బయటి దేశాల నుంచి ఆ దీవి ఆసుపత్రి పేరు కొట్టినవాళ్లు ఎవడో దొంగ తెరిచిపెట్టిన తలుపులోకి వెళ్లేవారు. దేశం దేశమంతా మా చేతుల మీదుగా మోసపోయేది. ఆ రోజు ఆ పెద్దాయన ఫోన్లో మేడమ్‌కు మాటిచ్చాడు. నీ వైపు నుంచి ఏ మార్పు వచ్చినా నేనూ నీ గొంతు వినకుండా చేయను అన్నాడు. "అదీ మాటంటే" అని మేడమ్ మురిసిపోయారు. ఆ మాటే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

ఆమె పోవడానికి కొద్దిరోజుల ముందు మా ఆఫీసు గచ్చిబౌలి బిల్డింగు ఖాళీ చేసి కోకాపేట టవర్‌కు మారాలని నిర్ణయమైంది. పాత యంత్రాల గది నెలాఖరుకు మూసేయాలి. కొత్త చోట యంత్రానికి కొత్త చిరునామా. ఏ దేశం నకలు మా దగ్గరుందో ఆ దేశంవాళ్లు తమ వైపు పాత చిరునామా తీసేసి కొత్తది రాసుకోవాలి. రాసుకోకపోతే మేం ఎంత బాగా నడిపినా ఆ నకలు ఉన్నా లేనట్టే. మేడమ్ ఒక్కొక్క దేశానికీ ఫోన్ చేసుకుంటూ వచ్చారు. దీవి పెద్దాయన కంటి ఆపరేషన్‌కు పక్క దేశం వెళ్లాడంటే, వచ్చాక చేద్దాంలే అని ఆ ఒక్కటీ ఆపారు.

దహనం అయిన రెండో రోజు అన్ని దేశాలకూ నేనే మెయిలు రాశాను. మేడమ్ ఇక లేరు, ఆమె స్థానంలో నేను చూస్తున్నాను అని. ఎక్కడెక్కడి నుంచో జవాబులొచ్చాయి. పెరుగులో చక్కెర ఆయన అయితే చాలా పెద్ద ఉత్తరం రాశాడు. దీవి నుంచి మాత్రం ఒక్క వాక్యం వచ్చింది. ఆమె గొంతు వినేదాకా మా రికార్డులో ఆమె పేరు తీయను, ఏ చిరునామా మార్చను.

ఫోన్ చేశాను. ఆయన నిదానంగా, మర్యాదగా విన్నాడు. "అమ్మా, నువ్వు మంచిదానివే అయ్యుంటావు. కానీ నువ్వెవరో నాకు తెలియదు. ఆమె చేత ఒక్కమాట చెప్పించు" అన్నాడు. ముద్ద సంగతి చెప్పాను. "ఆ కథ ఆమె ప్రపంచమంతా చెప్పింది. నాకు కావాల్సింది ఆమె గొంతు" అన్నాడు. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. పోయిన మనిషి పోయానని తనే వచ్చి చెప్పాలట.

ఇదేదో ముసలాయన మొండితనం అని వదిలేయడానికి లేదు. ఆ దీవికి బయట ఉన్న రెండు నకళ్లలో ఒకటి నిరుడే ఆగిపోయింది, దాన్ని ఉంచుకున్న కంపెనీని ఎవరో కొనేశారు. ఇక మిగిలింది మాదే. అక్కడ తుఫానుల కాలం మొదలైంది, దీవికున్నది ఒకటే కేబుల్. అది తెగితే, ఉన్న కాస్త శాటిలైట్ లైను మీద ఓడ ఎప్పుడొస్తుందో చూసుకోవాలన్నా, మందుల కోసం పక్క దేశానికి రాసిన మెయిళ్లకు జవాబు రావాలన్నా, బయట ఎవరో ఒకరు ఆ దేశం పేర్లకు దారి చెప్పాలి. మా యంత్రం నెలాఖరుకు ఆగిపోతే చెప్పేవాళ్లు ఉండరు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు, మాకు ఇది ఆఫీసు మారడం, అంతే.

ఈ గొడవంతా మా కొత్త మేనేజరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, శ్మశానంలో మాతోపాటు కళ్లు తుడుచుకున్నవాడే. కాసేపు ఆలోచించి, "మేడమ్ గారి మీటింగ్ రికార్డింగులు బోలెడున్నాయి కదండీ" అన్నాడు. "ఆ గొంతుతో రెండు వాక్యాలు తయారుచేయిద్దాం. ఇప్పుడదెంత పనండీ, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. ఆయన వింటాడు, మారుస్తాడు. ఎవరికీ నష్టం లేదు కదా."

"సార్, మీరేం అంటున్నరో మీకన్న తెలుస్తున్నదా?" అన్నాను.

"కోపం వద్దండీ. నెలాఖరుకు గది మూసేస్తారు. మీ దగ్గర ఇంకో దారుంటే చెప్పండి, అదే చేద్దాం."

"ఆమె నోట్లకెళ్లి ఆమె అనని మాట పలికిస్తరా? పోయిన మనిషితోని అబద్ధం ఆడిపిస్తరా? నేనైతే చెయ్య, ఇంకెవరిని చెయ్యనియ్య."

బల్ల మీద చేయి కొట్టి బయటికొచ్చాను గానీ, లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి కోపం దిగిపోయింది. ఇంకో దారి నా దగ్గర లేదు, ఆ మాట ఆయన నిజమే అన్నాడు. అబద్ధపు గొంతు వినిపిస్తే ఒక దేశం పేర్లు నిలబడతాయి. వినిపించకపోతే నా పంతం నిలబడుతుంది. దీంట్లో ఏది గొప్ప? మేడమ్ ఉంటే అడిగేదాన్ని. గొంతు యాడనుంచి తెచ్చుకుంటాడు అన్న మనిషి, ఇప్పుడు గొంతును కూడా తేవచ్చని తెలిస్తే ఏమనేవారో. ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆమె జీవితమంతా నమ్ముకున్న తాళం, ఆమె పోయేనాటికే ఎవడంటే వాడు తీయగలిగే తాళం అయిపోయింది.

దారి దొరక్క, ఒక మధ్యాహ్నం తెల్లాపూర్ వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న నన్ను గుర్తుపట్టి, "మేడమోళ్లింటికేనా అక్కా, పో" అని పుస్తకంలో పేరు రాయించుకోకుండానే పంపాడు. సారు తలుపు తీశారు. ఆయన మా అనంతపురం మేడమ్‌కు తగ్గ మనిషి, బడిలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. హాల్లో ఫొటోకు దండ, ఫ్రిజ్ మీద మేడమ్ ఫోన్ చార్జింగులో ఉంది.

"ఫోన్ ఇంకా చార్జింగ్ పెడుతున్నరా సార్?" అని అడిగాను.

"పెట్టకపోతే ఎట్ల పాపా? రోజూ వస్తాండాది కదా ఆ దీవాయన ఫోను. మనకు టీ టైము, ఆయనకు పండుకునే టైమంట, మీ మేడమ్ చెప్పేది. పండుకునేకి ముందు చేస్తాండాడు."

"మీరు ఎత్తి చెప్తలేరా?"

"చెప్తాండా. నా ఇంగ్లీషు నీకు తెలుసు కదా. షీ నో మోర్ అంటా. ఆయన ఓకే, టుమారో అంటాడు. పెట్టేస్తాడు. మళ్లా రేపు చేస్తాడు." సారు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు. అక్కణ్నుంచే అన్నారు, "తెలియక కాదు పాపా, నాకు తెలుసు. తెలిసినా చేస్తాండాడు."

ఫోన్ మోగింది. మేడమ్ ఫోన్ మోగే చప్పుడు మా అంతస్తులో అందరికీ కంఠస్థం. సారు వంటింట్లోంచి కదల్లేదు. నేనెత్తాను.

"ఆమెను పిలుస్తావా?" అన్నాడు పెద్దాయన, ఆయన నిదానమైన ఇంగ్లిషులో.

ఇన్నాళ్లూ ఆయనకు చెప్పాలని మనసులో కూర్చుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. నోటికొచ్చింది చెప్పాను. "మీరు ఆమె గొంతు అడుగుతున్నారు. ఆమె గొంతు ఇప్పుడు తయారుచేయొచ్చు. మా ఆఫీసులో ఆ మాట వచ్చింది కూడా. నేను ఒప్పుకోలేదు. మీకు దండం పెట్టి ఒక్కటే చెప్తున్నాను. ఇక మీదట ఎప్పుడైనా మీ ఫోన్లో ఆమె గొంతు వినిపిస్తే, అచ్చం ఆమె లాగే నవ్వినా సరే, ముద్ద కథ పొల్లుపోకుండా చెప్పినా సరే, నమ్మొద్దు. పెట్టేయండి. అది ఆమె కాదు. ఆమె ఇక ఎప్పటికీ మాట్లాడరు."

ఆమె పోయాక అందరికీ మెయిళ్లు రాశాను, దహనానికి వెళ్లాను, దండ తెచ్చాను, కానీ ఆ చివరి మాట నోరు తెరిచి అనడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అటువైపు ఎక్కడో కుక్క మొరుగుతోంది.

"మోసం చేయాలనుకున్నవాళ్లయితే ఆమె గొంతే తెచ్చేవాళ్లు" అన్నాడు చివరికి. "నువ్వు తేలేదు." ఆ వెంటనే, "నిజంగానే పోయిందా?" అని అడిగాడు. ఆ అడగడంలో దేశాలూ యంత్రాలూ ఏమీ లేవు. అవునన్నాను.

తర్వాత కొత్త చిరునామా చెప్పమన్నాడు. నేను అంకెలు చదివాను, ఆయన ఒక్కొక్కటీ తిరిగి అప్పగించాడు. అయ్యాక, నీకూ నాకూ మధ్య కూడా ఒక మాట ఉండాలి కదా అని నన్నొక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పాను. అదేమిటో ఇక్కడ రాయను, రాస్తే మేడమ్ తిడతారు. ముద్ద కథ రాసేశానంటే, ఇక దానికి ఎవరి తలుపూ తెరుచుకోదు కాబట్టి.

"చిరునామా మారుస్తాను. ఆమె పేరు పక్కన నీ పేరు చేరుస్తాను. ఆమె పేరూ, ఈ నెంబరూ మాత్రం తీయను. అది నా దేశం, నా ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడ్డ వాసన. సారు రెండు గ్లాసులు తెచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఏమన్నాడని అడిగారు. "ఒప్పుకున్నడు సార్. మారుస్తనన్నడు. ఇగ ఫికర్ లేదు" అన్నాను. నిజంగానే చాలా రోజుల తర్వాత గుండె మీద బరువు దిగినట్టుంది. సారు తల ఊపారు. మంచిపని చేస్తివి పాపా అన్నారు. గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"అయితే రేపట్నుంచి చెయ్యడా?" అన్నారు.

నేను లేచి ఫోన్‌ను మళ్లీ ఫ్రిజ్ మీద చార్జింగులో పెట్టాను.

నెలాఖరుకు పాత గది మూసేశారు. దీవి నకలు కోకాపేటలో బాగానే నడుస్తోంది. మేనేజరు ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఇప్పుడు ఏ దేశం నుంచి ఫోనొచ్చినా నాకు ముందు అనుమానమే వస్తుంది. తెలిసిన గొంతు వింటే మేడమ్ ముఖం విచ్చుకునేది. నేను తెలిసిన గొంతు విన్నప్పుడే ఎక్కువ భయపడుతున్నాను. ఆమె నాకిచ్చి వెళ్లిన పనిని ఆమెలా చేసే కాలం పోయింది, ఎలా చేయాలో చెప్పడానికి ఆమె లేరు.

మొన్న దారిలో తెల్లాపూర్ వెళ్లి సారును చూసి వచ్చాను. మనిషి తగ్గారు. క్రికెట్ చూస్తూ నాతో ఊళ్లో వానల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడారు. ఫ్రిజ్ మీద మేడమ్ ఫోన్ చార్జింగులోనే ఉంది. నేను దాన్ని చూడనట్టే ఉన్నాను. మాటల మధ్యలో ఆయన గోడ గడియారం వైపు చూశారు. టీ వేళ అవుతోంది. సారు రిమోటు తీసుకుని టీవీ సౌండు తగ్గించారు.